సీఎస్ఎస్ పునాదులు: ఎక్కడ నేర్చుకోవాలి, ఎలా నేర్పాలి?

వెబ్ పేజీకి రూపం ఇచ్చే సీఎస్ఎస్ గురించి ఈ మధ్య అందిన ఉత్తరాలలో కొన్ని నేర్చుకునేవారివి, కొన్ని నేర్పేవారివి. పాఠాలు దొరకడం లేదని ఎవరూ రాయలేదు. ఉన్నవాటిలో దేనిని నమ్మాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదనే అందరూ రాశారు. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేను డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ అధ్యాపకురాలిని. వారానికి రెండు గంటల ల్యాబ్‌లో సీఎస్ఎస్ చెప్పాలి. మాకు వారసత్వంగా వచ్చిన నోట్సులో పేజీ అమరిక మొత్తం టేబుళ్లతోనూ ఫ్లోట్‌తోనూ ఉంది. ఇప్పుడు దేనిని ఆధారంగా పెట్టుకోవాలి, ఏ వరుసలో చెప్పాలి?
— ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: ఒక్క ఆధారమే పెట్టుకోవాలంటే, వెబ్ సాంకేతికతలను వివరించే ఎండీఎన్ అనే సైటును పెట్టుకోండి. మొజిల్లా సంస్థ 2005లో ప్రారంభించిన ఈ సైటుకు 2017లో గూగుల్, మైక్రోసాఫ్ట్ వంటి సంస్థలు కూడా సలహా మండలిలో చేరి తోడయ్యాయి. బ్రౌజర్ల తయారీలో పోటీపడే సంస్థలు ఒకే చోట కలిసి పనిచేస్తున్నందువల్ల, అక్కడి సమాచారం ఏ ఒక్క బ్రౌజరు వైపూ మొగ్గదన్న నమ్మకం నాకుంది. అందులో రెండు వేర్వేరు భాగాలు ఉన్నాయన్న సంగతిని విద్యార్థులకు మొదటి రోజే చెప్పండి. ఒకటి మొదటినుంచి చదువుకుంటూ పోయే పాఠాల భాగం, రెండోది రంగు, వెడల్పు వంటి ఒక్కొక్క లక్షణానికి, అంటే ప్రాపర్టీకి, ఒక్కొక్క పేజీ ఉన్న నిఘంటువు వంటి భాగం. ఈ తేడా తెలియక నేరుగా నిఘంటువులోకి దిగిన పిల్లలు, ఇది మనకు అందేది కాదనుకుని వెనక్కి వెళ్లిపోవడం నేను చాలాసార్లు చూశాను.

అధ్యాపకులకు పనికివచ్చే మరొక సంగతి ఉంది. ఎండీఎన్ వ్యాసాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నాయి. మూలాన్ని పేర్కొని, మీరు తయారుచేసినదాన్ని కూడా అదే లైసెన్సు కింద ఉంచితే, వాటిని తెలుగులోకి తెచ్చుకోవచ్చు, కుదించుకోవచ్చు, ప్రతులు తీసి పంచవచ్చు. ఎండీఎన్‌కు తెలుగు రూపం లేదు. మీ వంటి అధ్యాపకులు ఏడాదికి నాలుగైదు పాఠాలను తెలుగులోకి తెచ్చి పంచినా, తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివి వచ్చిన పిల్లలకు అది ఎంత మేలో మీకు నేను చెప్పనవసరం లేదు.

వరుస కోసం మాత్రం గూగుల్ క్రోమ్ బృందం 2021లో వెబ్.డెవ్‌లో పెట్టిన లెర్న్ సీఎస్ఎస్ పాఠ్యక్రమాన్ని చూడండి. అది ప్రతి మూలకాన్నీ ఒక పెట్టెగా చూసే బాక్స్ మోడల్‌తో మొదలై, రూలు ఏ మూలకానికో చెప్పే సెలెక్టర్లు, రూళ్లు ఢీకొన్నప్పుడు ఏది నెగ్గాలో తేల్చే క్యాస్కేడ్, సెలెక్టర్ బలాన్ని లెక్కించే స్పెసిఫిసిటీ, బయటి మూలకం విలువ లోపలిదానికి వారసత్వంగా వచ్చే ఇన్హెరిటెన్స్ వరకు వచ్చి, రంగులనూ కొలతలనూ దాటిన తరువాతే పేజీ అమరికలోకి అడుగుపెడుతుంది. పాఠాలు చిన్నవి, చివర కొన్ని ప్రశ్నలు కూడా ఉంటాయి. ఆ వరుస సరైనదని నా అనుభవం కూడా చెబుతోంది. మన తరగతుల్లో ఎక్కువగా జరిగేది దీనికి తలకిందులు. రంగులూ ఫాంట్లూ ఒక గంటలో ముగించి, పెట్టెలను వరుసగా అమర్చే ఫ్లెక్స్‌బాక్స్‌లోకి దూకి, ఒక రూలు ఎందుకు పని చేయలేదో చెప్పవలసి వచ్చినప్పుడు, దానిని బలవంతంగా నెగ్గించే ఇంపార్టెంట్ అనే మాటను తగిలించి ముందుకు పోతాము. ఆ మాటతో ఆ క్షణానికి పని జరుగుతుంది కాని, ఎందుకు జరిగిందో విద్యార్థికి ఎప్పటికీ తెలియదు.

క్యాస్కేడ్ చెప్పడానికి నేను వాడే ఒక ప్రయోగాన్ని మీ ముందు పెడతాను. పేజీలో ఒక డివ్, అంటే ఇతర మూలకాలను పట్టుకునే పెట్టె, ఉంచి దానికే చెందిన పేరుగా ఒక ఐడీ ఇవ్వండి. దాని లోపల ఒక పేరా రాయండి. స్టైల్‌షీట్‌లో పేరాలన్నిటిలో అక్షరాలు ఆకుపచ్చగా ఉండాలని ఒక రూలు, ఆ ఐడీ ఉన్న డివ్‌లో అక్షరాలు ఎర్రగా ఉండాలని దాని కింద మరొక రూలు రాయండి. పేజీని బ్రౌజర్లో తెరవక ముందు, పేరా ఏ రంగులో కనిపిస్తుందో ప్రతి విద్యార్థినీ తన నోటుపుస్తకంలో రాయమనండి. మూలకం పేరు కంటే ఐడీకి బలం ఎక్కువనీ, తరువాత వచ్చిన రూలే నెగ్గుతుందనీ అప్పటికే విని ఉన్నవారు ఎరుపు అని రాస్తారు. పేజీ తెరిస్తే పేరా ఆకుపచ్చగా ఉంటుంది. ఎరుపు అన్న మాట డివ్‌తో చెప్పినది, పేరాకు అది వారసత్వంగా మాత్రమే వస్తుంది. ఇంట్లో అందరినీ ఉద్దేశించి అన్న మాట కంటే, పేరు పెట్టి పిలిచి చెప్పిన మాటే చెల్లుతుంది. వారసత్వంగా వచ్చిన విలువ ఎంత బలమైన సెలెక్టర్ నుంచి వచ్చినా, ఆ మూలకానికి నేరుగా చెప్పిన అతి బలహీనమైన రూలు ముందు నిలవదు. ఇప్పుడు పేజీ వెనుక ఉన్న రూళ్లను చూపే, బ్రౌజరులోని డెవలపర్ టూల్స్ తెరిపించండి. డివ్ నుంచి వారసత్వంగా వచ్చిన ఎరుపు వేరే భాగంలో, కొట్టివేసిన గీతతో కనిపిస్తుంది. ఆ గీతను విద్యార్థి తన కళ్లతో చూసిన తరువాత, బలాబలాల లెక్క చెప్పడం మీకు సగం సులువవుతుంది.

ఊహించి రాసుకోవడం, తరువాత తెరిచి చూడడం అనే ఈ పద్ధతిని ప్రతి ల్యాబ్‌లోనూ పది నిమిషాలైనా పాటించండి. తప్పు ఊహకు మార్కులు తీయవద్దు. తన ఊహకూ బ్రౌజరు చూపినదానికీ తేడా ఎందుకు వచ్చిందో రెండు వాక్యాలలో రాసిన వారికి మాత్రం మార్కులు ఇవ్వండి.

మీ పాత నోట్సు విషయానికి వస్తే, అది రాసినవారిని తప్పుపట్టవలసిన పని లేదు. ఒక బొమ్మ పక్కనుంచి అక్షరాలు పారేలా చేయడానికి పుట్టిన ఫ్లోట్‌ను, వేరే దారి లేక పేజీ మొత్తాన్ని నిలబెట్టడానికి వాడుకున్న కాలం ఒకటి ఉండేది. హోకోన్ వియుమ్ లీ సెర్న్ పరిశోధన సంస్థలో ఉండగా 1994లో సీఎస్ఎస్‌ను ప్రతిపాదించారు, మొదటి ప్రమాణం 1996 డిసెంబరులో వచ్చింది, పేజీ అమరిక కోసమే తయారైన గ్రిడ్ మాత్రం 2017 మార్చిలో గాని ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీలకు చేరలేదు. అంటే ఇరవై ఏళ్లకు పైగా అందరూ ఆ ఇబ్బందితోనే పని చేశారు. ఫ్లోట్‌ను దాని అసలు పనికి పరిమితం చేసి ఒక గంటలో చెప్పండి. టేబుల్‌ను మార్కుల పట్టిక వంటి నిజమైన పట్టికలకే వాడమనండి. ఆ రెండిటికీ పోయే మిగతా సమయాన్ని ఫ్లెక్స్‌బాక్స్‌కూ గ్రిడ్‌కూ ఇవ్వండి.

సెమిస్టరు చివర చేయించడానికి ఒక మంచి అభ్యాసం ఉంది. డేవ్ షే 2003లో ప్రారంభించిన సీఎస్ఎస్ జెన్ గార్డెన్ అనే సైటులో, పేజీలోని విషయాన్ని రాసే హెచ్‌టీఎంఎల్ ఎప్పుడూ ఒక్కటే, దాని మీద వేరువేరు డిజైనర్లు రాసిన స్టైల్‌షీట్లు మాత్రం మారుతుంటాయి. ఒకే పేజీ ఒకచోట తోటలా, మరొకచోట పాత పత్రికలా కనిపిస్తుంది. అక్కడి కోడు చాలావరకు పాత పద్ధతిది కనుక దానిని నేర్పవద్దు, ఆలోచనను మాత్రం తీసుకోండి. ఒక పద్యం, దాని తాత్పర్యం, ఒక బొమ్మ, నాలుగు లింకులు ఉన్న పేజీని మీరే తయారుచేసి, హెచ్‌టీఎంఎల్‌లో ఒక్క అక్షరం కూడా మార్చకూడదన్న నియమంతో ప్రతి విద్యార్థికీ ఇవ్వండి. ఒకరి పని మరొకరి నుంచి దించుకోవడానికి అందులో చోటు తక్కువ, రూపాన్ని విషయం నుంచి విడదీయడం అంటే ఏమిటో దానిలోనే అర్థమవుతుంది.

ప్రశ్న: మూడు నెలలుగా రోజూ వీడియోలు చూస్తూ వాటితో పాటే కోడ్ రాస్తున్నాను. వీడియో నడుస్తున్నంతసేపు అంతా అర్థమవుతుంది సార్. ఖాళీ ఫైలు తెరిచి సొంతంగా ఒక పేజీ చేద్దామంటే మాత్రం చేయి కదలదు. నేను తప్పు వీడియోలు చూస్తున్నానా?
— ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: వీడియోలు తప్పు కాకపోవచ్చు. వాటిలో నిర్ణయాలన్నీ చెప్పేవారు తీసుకుంటున్నారు, మీరు రాసుకుంటున్నారు. ఏ కొలత ఇవ్వాలి, ఇక్కడ పెట్టె బయటి ఖాళీ అయిన మార్జిన్ కావాలా, లోపలి ఖాళీ అయిన ప్యాడింగ్ కావాలా, ఈ పెట్టె ఎందుకు పక్కకు జరిగింది అన్న ప్రశ్నలు మీ దాకా రావడం లేదు. సొంత పేజీలో మొట్టమొదట ఎదురయ్యేవి ఆ ప్రశ్నలే.

ఒక చిన్న పేజీని ఉదాహరణగా తీసుకుందాం. ఫోన్ తెర వెడల్పు 360 పిక్సెళ్లు అనుకోండి. అంతే వెడల్పున్న పెట్టె లోపల మరొక పెట్టె పెట్టి, దానికి విడ్త్ 100 శాతం అనీ, అన్ని వైపులా ప్యాడింగ్ 20 పిక్సెళ్లు అనీ రాశారు. లోపలి పెట్టె 360 పిక్సెళ్లలో ఇమిడిపోతుందని మనకు అనిపిస్తుంది. కాని సీఎస్ఎస్ సొంతంగా అనుసరించే పద్ధతిలో విడ్త్ అన్నది లోపలి విషయానికి మాత్రమే ఇచ్చిన కొలత. ప్యాడింగ్ దానికి అదనం. ఎడమ 20, కుడి 20 కలిసి పెట్టె 400 పిక్సెళ్లవుతుంది, 40 పిక్సెళ్లు బయటికి పొడుచుకు వస్తాయి, పేజీ అడ్డంగా జరగడం మొదలుపెడుతుంది. బాక్స్ సైజింగ్ ప్రాపర్టీకి బోర్డర్ బాక్స్ అనే విలువ ఇస్తే ప్యాడింగూ అంచూ ఆ 360లోనే సర్దుకుంటాయి. వీడియోల్లో స్టైల్‌షీట్ మొదటి వరుసలోనే ఇది కనిపిస్తుంది, మీరూ ఎన్నోసార్లు రాసి ఉంటారు. ఒకసారి ఆ వరుసను తీసేసి చూడండి, డెవలపర్ టూల్స్‌లోని బాక్స్ మోడల్ బొమ్మలో ఒక్కొక్క అంకెనూ చదవండి, కాగితం మీద కూడి చూడండి. పేజీ చుట్టూ మీరు అడగకుండానే 8 పిక్సెళ్ల ఖాళీ ఎక్కడినుంచి వచ్చిందో కూడా అప్పుడే కనిపెడతారు. మీ స్టైల్‌షీట్ కంటే ముందే బ్రౌజరు తన సొంత స్టైల్‌షీట్ వేసుకుని కూర్చుంటుంది, అందులో పేజీ విషయమంతా ఉండే బాడీకి ఆ మార్జిన్ ఉంటుంది.

కొత్త వీడియో ఎంచుకునేటప్పుడు ఒక్క గుర్తు చూసుకోండి. చెప్పేవారు తప్పు జరిగినప్పుడు వీడియోను కత్తిరించి సరైన కోడుతో తిరిగి వస్తున్నారా, లేక డెవలపర్ టూల్స్ తెరిచి తప్పు ఎక్కడుందో మన ముందే వెతుకుతున్నారా? రెండో రకం వారే గురువులు. ఆంగ్లంలో కెవిన్ పవెల్ యూట్యూబ్ చానెల్ ఈ విషయంలో నాకు బాగా నచ్చింది. ఆయన ఒక ప్రాపర్టీ ఎలా రాయాలో చెప్పి ఊరుకోరు, అది ఎప్పుడు పని చేయదో కూడా చూపిస్తారు. తెలుగు చానెళ్లను కూడా ఇదే గుర్తుతో వడపోయండి.

అభ్యాసానికి మూడు ఆటలున్నాయి. సెలెక్టర్ల కోసం 32 మెట్ల సీఎస్ఎస్ డైనర్, ఫ్లెక్స్‌బాక్స్ కోసం 24 మెట్ల ఫ్లెక్స్‌బాక్స్ ఫ్రాగీ, గ్రిడ్ కోసం 28 మెట్ల గ్రిడ్ గార్డెన్. మూడూ ఆడుకోవడానికి డబ్బు అడగవు, ఒక్కొక్కటి ఒక్క సాయంత్రంలో పూర్తవుతుంది. అయితే ఆటలో కప్పను ఆకు మీదికి చేర్చినంత మాత్రాన ఫ్లెక్స్‌బాక్స్ వచ్చేసిందనుకోవద్దు. ఆ మరునాడు ఏ సూచనా చూడకుండా, ఎడమవైపు పేరు, కుడివైపు మూడు లింకులు ఉన్న శీర్షపట్టీని ఖాళీ ఫైలులో రాయండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ ఎండీఎన్‌లో ఆ ఒక్క ప్రాపర్టీ పేజీ చదవండి. వీడియో వైపు మాత్రం వెళ్లవద్దు. తరువాత రోజువారీ వస్తువులను చూసి చేయండి: బస్సు టికెట్టు, కరెంటు బిల్లు, పెళ్లి శుభలేఖ. వాటికి ఏ వీడియోలోనూ కోడు ఉండదు కాబట్టి నిర్ణయాలన్నీ మీరే తీసుకోక తప్పదు.

ప్రశ్న: మేము నడిపే తెలుగు కథల సైటులో పెద్ద శీర్షికలు రెండు వరుసలు వస్తే, పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడులకు తగులుతున్నాయి. ఆంగ్ల శీర్షికలకు ఈ బాధ లేదు. ఫాంటు లోపమా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీ స్టైల్‌షీట్‌లో బాడీకి లైన్ హైట్, అంటే వరుస ఎత్తు, శాతాలలోనో పిక్సెళ్లలోనో ఇచ్చి ఉంటారని అనుకుంటున్నాను. ఫాంటును అనుమానించే ముందు దానిని చూడండి. బాడీలో అక్షరం 16 పిక్సెళ్లు, లైన్ హైట్ 150 శాతం అని రాశారనుకుందాం. బ్రౌజరు ఆ శాతాన్ని అక్కడికక్కడే లెక్కకట్టి 24 పిక్సెళ్లు చేస్తుంది, లోపలి మూలకాలకు వారసత్వంగా వెళ్లేది ఆ 24 మాత్రమే. శీర్షిక అక్షరం 32 పిక్సెళ్లయినా వరుస ఎత్తు 24 పిక్సెళ్లే ఉంటుంది. అక్షరం కంటే వరుస పొట్టిదయింది. అదే చోట శాతం గుర్తు లేకుండా 1.5 అని రాస్తే, వారసత్వంగా ఆ సంఖ్యే వెళుతుంది, శీర్షిక దానిని తన సొంత 32తో గుణించుకుని 48 పిక్సెళ్ల వరుస వేసుకుంటుంది. లైన్ హైట్‌ను శాతం, పిక్సెల్ వంటి కొలమానం లేని సంఖ్యగా రాయమని ఎండీఎన్ చెప్పడానికి కారణం ఇదే.

ఆంగ్లంలో ఈ పొరపాటు అంతగా బయటపడదు. తెలుగులో స్త్రీ వంటి అక్షరం పైన గుడిదీర్ఘమూ కింద రెండు ఒత్తులూ మోస్తుంది కనుక వెంటనే బయటపడుతుంది. తెలుగు వచనానికి 1.6 నుంచి 1.8 మధ్య ఉంచితే చదవడానికి హాయిగా ఉంటుందని నా అభిప్రాయం. బటన్లకూ శీర్షికల పెట్టెలకూ హైట్ బిగించి, మిగిలినది దాచేయమని ఓవర్‌ఫ్లో హిడెన్ పెడితే ఒత్తులు తెగిపోతాయి, ఎత్తును ప్యాడింగ్‌తో రానివ్వండి. గూగుల్ ఫాంట్స్‌లోని మండలి, రామభద్ర వంటి తెలుగు ఫాంట్లు ఒకే మందంలో ఉన్నాయి. వాటికి బోల్డ్ పెడితే బ్రౌజరు అక్షరాన్ని తనంతట తాను లావు చేస్తుంది, ఒత్తుల్లోని సందులు పూడిపోతాయి. నోటో శాన్స్ తెలుగులో మందాలు నిజంగానే వేర్వేరుగా ఉన్నాయి. ఇటాలిక్ సంగతీ అంతే: ఆ రూపం ఫాంటులో లేనప్పుడు బ్రౌజరు నిటారు అక్షరాన్నే పక్కకు వంచి చూపుతుంది. తెలుగులో ఒక మాటను ఎత్తి చూపడానికి రంగో మందమో మేలు.

సీఎస్ఎస్ నేర్పే తెలుగువారందరికీ ఇక్కడ ఒక మనవి. తరగతిలో నమూనా పేజీని తెలుగులోనే పెట్టండి. అర్థంలేని లాటిన్ ముక్కలు నింపిన పేజీ మీద వారసత్వమూ కొలమానాలూ ఎంత చెప్పినా బరువు తెలియదు. తమ ఊరి పేరులోని ఒత్తు తెగిపోయినప్పుడు విద్యార్థి తానే లేచి కారణం అడుగుతాడు.

ప్రశ్న: ఉద్యోగాలకు బూట్‌స్ట్రాప్, టెయిల్‌విండ్ అడుగుతున్నారు. నేరుగా వాటితో మొదలుపెట్టవచ్చా?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వద్దు. అవి ముందే సీఎస్ఎస్‌తో రాసిపెట్టిన రూళ్ల సముదాయాలే, ఆ రూళ్లను పిలవడానికి పెట్టిన ప్రతి పేరు, అంటే క్లాసు, వెనుకా మీరు నేర్చుకోవలసిన ప్రాపర్టీలే ఉన్నాయి. పెట్టె కొలత, క్యాస్కేడ్, ఫ్లెక్స్‌బాక్స్ చేతికి వచ్చిన తరువాత టెయిల్‌విండ్ రెండు వారాల పని. ముందే దానితో మొదలుపెడితే, అనుకున్నట్టు కనిపించని తొలి పేజీ దగ్గరే ఆగిపోతారు.

ప్రశ్న: నాకు కంప్యూటర్ లేదు, ఫోన్ ఒక్కటే ఉంది. మా ఊళ్లో నెట్ కూడా వస్తూ పోతూ ఉంటుంది. డబ్ల్యూ3స్కూల్స్ చూసి నేర్చుకుంటున్నాను, కాని అది సరైనది కాదని ఒకరు అన్నారు. నేను సీఎస్ఎస్ నేర్చుకోగలనా?
— ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: తప్పకుండా నేర్చుకోగలరు. డబ్ల్యూ3స్కూల్స్‌కూ, వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీకీ పేరులో పోలిక తప్ప సంబంధం లేదు. ఒకప్పుడు అందులో తప్పులు ఎక్కువగా ఉండేవన్న విమర్శ వచ్చింది, తరువాత చాలా సరిదిద్దారు. ఒక ప్రాపర్టీ ఎలా రాయాలో మరిచిపోతే చూసుకోవడానికీ, అక్కడికక్కడే మార్చి చూడడానికీ అది ఇప్పటికీ సులువైన చోటు. ఎందుకు అన్న ప్రశ్నకు మాత్రం అక్కడ జవాబు తక్కువ, దానికి ఎండీఎన్ పాఠాలనే చదవండి.

నెట్ ఉన్న రోజున డెవ్‌డాక్స్ అనే సైటు తెరిచి, అందులో సీఎస్ఎస్ విభాగాన్ని ఆఫ్‌లైన్‌కు దించుకోండి. ఎండీఎన్‌లోని నిఘంటువు భాగం నెట్ లేకున్నా మీ ఫోన్లో ఉంటుంది. ప్రివ్యూ చూపించే ఎడిటర్ యాప్ ఒకటి పెట్టుకుని, మొదట్లో సీఎస్ఎస్‌ను వేరే ఫైలులో కాకుండా అదే పేజీలో స్టైల్ ట్యాగు లోపల రాయండి, ఫైళ్ల దారులు కలవని చిక్కు తప్పుతుంది. పేజీ తలభాగంలో వ్యూపోర్ట్ మెటా ట్యాగు తప్పకుండా ఉంచండి. అది లేకపోతే ఫోన్ బ్రౌజరు మీ పేజీని సుమారు 980 పిక్సెళ్ల వెడల్పున్నదిగా ఊహించుకుని కుదించి చూపుతుంది, అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి, తప్పు మీ సీఎస్ఎస్‌లో ఉందనుకుని మీరు గంటలు వెతుకుతారు.

ఫోన్ బ్రౌజర్లో డెవలపర్ టూల్స్ ఉండవు, అది నిజమైన లోటే. దానికి ఒక ఉపాయం చెబుతాను. నక్షత్రం గుర్తును సెలెక్టర్‌గా పెట్టి, అన్ని మూలకాలకూ ఒక పిక్సెల్ మందాన ఎర్రటి ఔట్‌లైన్ ఇవ్వండి. పేజీలోని ప్రతి పెట్టె ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో గీతలతో బయటపడుతుంది. అదే పనికి బోర్డర్ వాడకండి. బోర్డర్ చోటు తీసుకుంటుంది కనుక, మీరు కొలవబోయిన అమరికే జరిగిపోతుంది. ఔట్‌లైన్ చోటు తీసుకోదు. నెలకు ఒకసారైనా మీ మండల కేంద్రంలోని నెట్ సెంటరుకో, చదువుకున్న పాఠశాల ల్యాబ్‌కో వెళ్లి, ఫోన్లో రాసిన పేజీని పెద్ద తెర మీద తెరిచి, కిటికీని మెల్లగా వెడల్పు చేస్తూ చూడండి. ఏ వెడల్పు దగ్గర అమరిక చెదిరిందో ఆ అంకెను కాగితం మీద రాసుకుని ఇంటికి రండి, ఆ నెల పాఠం అక్కడినుంచి మొదలవుతుంది.